వాకిలి ఎవరిది?

మానవుడు తాను కష్టించి కట్టుకొన్న ఇంటిని ‘నాది’ అనుకొనుట సహజము. ఆ ఇంటి ముందరి వీధిని గూడ ‘నాది’ అనుకొనుట నేటి కాలమున అంతే సహజమైపోయినది. మొదటి మాటకు దస్తావేజు ఆధారముగా నున్నది. రెండవ మాటకు ఆధారమేమి? ఈ చిన్న ప్రశ్నను మనకు మనము వేసికొనకపోవుట చేతనే, ఏండ్ల తరబడి కలిసిమెలిసి యున్న ఇరుగుపొరుగువారు ఒక కారు నిలుపు స్థలము కొరకు పలుకరింపులు మానుకొనుచున్నారు. పైకి చూచిన ఇది కేవలము లౌకిక విషయము. నిదానించి ఆలోచించినచో, అహంకార మమకారములను గూర్చి మన ఆచార్యులు ఉపదేశించిన తత్త్వమంతయు ఈ వాకిటనే పరీక్షకు నిలుచుచున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములను ఉదాహరణముగా తీసికొందము. మొదటి రెండును హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి మీద నున్నవి. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరము నుండి కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ ప్రాంతము వరిపంటకును, బియ్యపు మిల్లులకును నెలవైనది. 2016 అక్టోబరులో సూర్యాపేట క్రొత్త జిల్లాకు కేంద్రము కాగా, కోదాడ ఆ జిల్లాలో చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. వ్యాపారము, విద్య, వైద్యము, ఉద్యోగము నిమిత్తమై పల్లెల నుండి జనము ఈ పట్టణములకు తరలివచ్చినది. జనముతోపాటు వాహనములును వచ్చినవి. 1983 డిసెంబరులో మారుతి కారు బజారులోనికి వచ్చువరకు సామాన్య గృహస్థునకు కారు అనునది దూరపు మాట. నేడు రెండు మోటారు సైకిళ్ళు, ఒక కారు గల ఇండ్లు వీధి వీధికి కానవచ్చును. ఎద్దుబండికిని, సైకిలుకును సరిపోవునట్లు ఏర్పడిన పాత వీధులు మాత్రము పెరుగలేదు. వరికోతల కాలమున ధాన్యపు ట్రాక్టర్లు మిల్లుల యెదుట బారులు తీరినప్పుడు పెద్ద దారులే ఇరుకగుచుండ, సందుల సంగతి చెప్పనేల?

ఇట్టి సందులలో కలహము ఎట్లు పుట్టుచున్నదో అందరికిని తెలిసినదే. మొదటి దినమున “అన్నా, బండి జర పక్కకు పెట్టరాదే!” అను మాటతో ఆరంభమగును. పదియవ దినమునకు ఆ ‘అన్నా’ జారిపోవును. నెల తిరుగునప్పటికి “ఈ రోడ్డు మీ అయ్య జాగీరా?” అను వరకు వచ్చును. పిమ్మట ఒకరు తమ ఇంటి ముందర బండరాళ్ళు పెట్టుదురు. ఒకరు పాత టైర్లు, పూలకుండీలు వరుసగా నిలుపుదురు. ఒకరు మురుగుకాలువ దాటించి వీధి నడుమ వరకు ర్యాంపు పోయింతురు. చీకటి పడిన పిదప ఒకరు టైర్ల గాలి తీయుదురు. మరియొకరు క్రొత్త కారుపై మేకుతో గీత గీయుదురు. పెద్దమనుష్యుల పంచాయతీ తీరిన తరువాత పోలీసు స్టేషను మిగులును. ఇంతకును నష్టపోయినది ఎవరు? ఆ రెండిండ్ల పిల్లలు కలిసి ఆడుకొనరు. బతుకమ్మ పండుగనాడు ఆ రెండిండ్ల ఆడువారు ఒకే వలయమున చేరి చప్పట్లు చరచరు. నడిరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు మొదట తట్టవలసిన తలుపును తమంత తామే మూసికొన్నవారగుచున్నారు. కారు నిలుపుటకు ఆరడుగుల నేల దొరకినది గాని, ఆపదకు ఆదుకొను మనిషి దూరమైనాడు.

చట్టము ఏమి చెప్పుచున్నదో ముందుగా తెలిసికొనుట మంచిది. పట్టణపు వీధి పురపాలక సంఘపు పాలనలోనిది; ప్రజలందరి రాకపోకలకు ఉద్దేశింపబడినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఇతరులకు అపాయమో, ఆటంకమో కలుగునట్లు వాహనమును విడిచి పోరాదని చెప్పుచున్నది. 1989లో వెలువడిన రహదారి నియమములు మరింత వివరముగా, కాలిబాట మీదను, దారి మలుపునందును, బడి, ఆసుపత్రి ద్వారముల చెంతను, ఒకరి ఆవరణమునకు పోవు ద్వారమునకు అడ్డముగాను వాహనము నిలుపరాదని విధించినవి. 2017లో వీని స్థానమున క్రొత్త నిబంధనలు వచ్చినవి. దీని వలన రెండు సంగతులు తేలుచున్నవి. పరుని గేటుకు అడ్డముగా వాహనము నిలుపుట తప్పు. అది యెంత నిజమో, గేటు విడిచిన తక్కిన వీధి ఇంటి యజమానిది కాదనుటయు అంతే నిజము. గృహస్థునకున్నది దారి హక్కు. నేల హక్కు కాదు.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నారో చూచిన ఆశ్చర్యము కలుగును. జపాను దేశమున 1962లో ఒక చట్టము చేసినారు. కారు కొనువాడు, దానిని వీధిలో గాక వేరొక చోట నిలుపుకొనుటకు తనకు స్థలమున్నదని నిరూపింపవలెను. ముందు చోటు, పిమ్మట కారు. మనము ముందుగా కారు తెచ్చి, ఆ పిమ్మట చోటుకై పొరుగువానితో పోరాడుచున్నాము. అపార్టుమెంట్లలో వాహనములకు లోపలనే స్థలము విడువవలెనని మనకు 2012 నాటి భవన నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. అట్లు విడిచిన స్థలమే అంగడిగానో, అద్దె గదిగానో మారిన చోట, లోపలి వాహనము వీధిన పడక ఏమి చేయును?

అయినను చట్టము గీచిన గీత దాటిన పిదప గూడ ఒక పెద్ద ప్రదేశము మిగిలియున్నది. నా గేటుకు అడ్డము రాదు, దారికి ఆటంకము లేదు. గోడవార ఒక్క కారుకు మాత్రమే చోటున్నది. నేనును నిలుపవచ్చును, పొరుగువాడును నిలుపవచ్చును. ఎవరు నిలుపవలెను? ఇచ్చట చట్టము మౌనము వహించును. ధర్మము మాటలాడుట ఇచ్చటనే ఆరంభమగును.

మన ప్రాచీనులు దారిని గూర్చి అలక్ష్యము వహింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మనుష్యులు, చిన్న పశువులు నడచు దారిని అడ్డగించినవానికి పండ్రెండు పణములును, పెద్ద పశువుల దారిని అడ్డగించినవానికి ఇరువది నాలుగు పణములును దండనముగా విధించినది. మనుస్మృతి దండనముతో ఆగక, దారి ఎవరికి ఈయవలెనో చెప్పినది. బండిపై వచ్చువాడు, తొంబది యేండ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు - వీరికి త్రోవ విడువవలెనట. ఈ వరుసను ఒక్కసారి పరిశీలింపుడు. రాజు ఇందులో ఒకడు మాత్రమే. వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు - వీరికి త్రోవ దక్కినది బలము వలన గాదు, అవసరము వలన. ‘ఎవరిది హక్కు?’ అని అడుగుటకు ముందు ‘ఎవరికి ఎక్కువ అవసరము?’ అని అడుగుమని దీని భావము. నేటి భాషలో చెప్పవలెనన్న, 108 వాహనమునకును, గర్భిణిని తీసికొని వచ్చు ఆటోకును, గ్యాసు సిలిండరు మోయు కూలివానికిని మన కారు దారి యీయవలెను.

త్రోవ విడువకపోవుట వలన వచ్చు అనర్థమునకు మహాభారతము ఆదిపర్వమున ఒక ఘోరమైన కథ యున్నది. ఇక్ష్వాకు వంశజుడైన కల్మాషపాదుడు వేటాడి, ఆకలి దప్పులతో అలసి వచ్చుచుండెను. ఒక్కరు మాత్రమే పోదగిన ఇరుకు దారిలో వసిష్ఠ మహర్షి జ్యేష్ఠపుత్రుడు శక్తి ఎదురుపడెను. “తొలగుము” అనెను రాజు. బ్రాహ్మణునకు రాజు త్రోవ యీయుట ధర్మమని శక్తి పలికెను. ఇరువురికిని తమ తమ వాదము లున్నవి. ఇరువురును తొలగలేదు. రాజు కొరడాతో కొట్టెను. శక్తి నరభక్షకుడవు కమ్మని శపించెను. విశ్వామిత్రుని ప్రేరణచే ఒక రాక్షసుడు రాజును ఆవేశించెను. అతడు మొదట శక్తినే భక్షించి, పిమ్మట వసిష్ఠుని తక్కిన కుమారులను గూడ పొట్టన పెట్టుకొనెను. ఒక్క అడుగు ప్రక్కకు వేసియున్న, నూరుగురు పుత్రులు బ్రతికియుందురు! శాస్త్రమెరిగిన శక్తి వాదమున న్యాయమున్నది. కాని ఎదుటివాని ఆకలిని, అలసటను అతడు చూడలేదు. రాజు తన అధికారమునే చూచెను గాని ధర్మమును చూడలేదు. నేటి వీధి తగవులలో మేకుతో గీచిన గీతకును, ఆనాటి కొరడా దెబ్బకును పుట్టుక ఒక్కటే.

కథ ఇంతటితో ఆగలేదు. శక్తి భార్య యగు అదృశ్యంతి గర్భమున పరాశరుడు జన్మించెను. తండ్రి మరణమును విని కోపోద్రిక్తుడై ఆతడు రాక్షసుల నాశమునకై సత్రయాగము నారంభించెను. పుత్రులనందరిని పోగొట్టుకొన్న వసిష్ఠుడే అతనిని వారించి, కోపము తపస్సును హరించునని బోధించెను. కల్మాషపాదుని గూడ ఆ మహర్షియే పండ్రెండేండ్ల పిదప మంత్రజలముతో శాపవిముక్తుని గావించెను. పగ విడిచిన పరాశరునకు పులస్త్యుడు పురాణకర్త వగుదువని వరమిచ్చెను. శ్రీవైష్ణవులకు పరమ ప్రమాణమైన విష్ణుపురాణము ఆ వరమునకు ఫలము. దారి తగవులో పుట్టిన పగ మూడవ తరము వరకు వచ్చినది; దానిని విడిచినందున లోకమునకు ఒక పురాణము లభించినది. మన పిల్లలకు మన పొరుగింటి పగను ఆస్తిగా ఇత్తుమా, విడిచి చూపుదుమా అనునది మన చేతిలోనే యున్నది.

అదే భారతమున అరణ్యపర్వములో దీనికి ప్రతిగా మరియొక దృశ్యమున్నది. జనకమహారాజు యాగమునకు పోవుచున్న అష్టావక్రుడు బాలుడు, వికలాంగుడు. దారిలో రాజు ఎదురైనప్పుడు ఎవరికి త్రోవ యీయవలెనో ఆ బాలుడు ధర్మము చెప్పెను. జనకుడు వాదింపక, త్రోవ నిచ్చితిని, ఇష్టమైన దారిని పొమ్మనెను. ఇచ్చినందువలన ఆ రాజర్షి రాజ్యము తరిగినదా? తరుగలేదు, కీర్తి పెరిగినది.

త్రోవ విడుచుట మనకింత కష్టమగుటకు కారణమేమి? మమకారము. భగవంతుడు శేషి, జీవుడు శేషభూతుడు అనునది విశిష్టాద్వైత సిద్ధాంతపు మూలము. అనగా, ఆయన స్వామి; మనము ఆయన సొత్తు. నేనే నా సొత్తు కానప్పుడు, నా ఇంటి ముందరి వీధి నా సొత్తెట్లగును? ఈ మాటను నిత్యము సేవాకాలమున వినుచునే యున్నాము. విని, ఇంటికి వచ్చి, వాకిట పరుని బండి కనబడగానే మరచుచున్నాము.

మన ఇల్లాండ్రు మాత్రము ఈ సిద్ధాంతమును మాటలు లేకయే ఆచరించుచున్నారు. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గు పెట్టుదురు. ఆ నేల వీధిది, తమది కాదు. తమది కాని నేలను శుభ్రపరచి అలంకరింతురు. పొద్దెక్కినంతనే పాలవాడు, బడి పిల్లలు, పశువులు ఆ ముగ్గును తొక్కి పోవుదురు. ఎవరితోను ఆమె జగడమాడదు. మరునాడు మరల ముగ్గు పెట్టును. వాకిలి మనది అగుట ఈ విధముగానే: ఊడ్చుటకు మనది, చల్లుటకు మనది, దీపము పెట్టుటకు మనది, ఆక్రమించుటకు కాదు. శాస్త్రము దీనినే కైంకర్యమనినది. ముందరి నేలతో మనకున్న సంబంధము సేవా సంబంధమే గాని స్వామ్య సంబంధము కాదని గ్రహించిన నాడు సగము కలహము శాంతించును. పూర్వము మన పెద్దలు తమ సొంత నేలలో అరుగులు కట్టి బాటసారులకు విడిచినారు. మనమో, బాటసారుల నేలను మన అరుగుగా చేసికొనుచున్నాము!

ఇరుకు చోటును గూర్చి ఆళ్వారుల చరిత్రలో ఒక దివ్యగాథ యున్నది. నూట ఎనిమిది దివ్యదేశములలో ఒకటియగు తిరుక్కోవలూరులో ఒక వానరాత్రి పొయ్‌గై ఆళ్వారు ఒక ఇంటి నడవలో ఆశ్రయము పొంది శయనించిరి. పూదత్తాళ్వారు వచ్చి చోటడిగిరి. ‘ఒకరు శయనింపవచ్చును, ఇద్దరు కూర్చుండవచ్చును’ అని మొదటివారు లేచి కూర్చుండిరి. మరల పేయాళ్వారు వచ్చిరి. ‘ఇద్దరు కూర్చుండు చోట ముగ్గురు నిలువవచ్చును’ అని ముగ్గురును నిలిచిరి. అప్పుడు నాలుగవవారెవరో తమ నడుమ ఒత్తుకొనుచున్నట్లు తోచినది. ఆ వచ్చినవాడు శ్రీమన్నారాయణుడే! ఆ అనుభవము నుండి వెలువడిన మూడు తిరువందాదులు నాలాయిర దివ్యప్రబంధమున చేరినవి. తిరుక్కోవలూరులో వెలసిన మూర్తి త్రివిక్రముడు. లోకములను పాదములతో కొలిచినవాడు, భక్తులు ఒకరికొకరు జరిగి చోటిచ్చుకొన్న ఇరుకు నడవలోనికి తానుగా వచ్చి చేరినాడు. మొదటివారు ‘నేను ముందు వచ్చితిని, ఈ చోటు నాది’ అని పడుకొనియే యున్నచో, వాన వెలిసెడిది, తెల్లవారెడిది. స్వామి మాత్రము వచ్చియుండెడివాడు కాడు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ‘నేను తొలగుచునే యున్న, మొండివాడు అంతయు ఆక్రమించును గదా! మంచివాడు నష్టపోవుటయేనా ధర్మము?’ ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. విడువవలసినది మన సౌకర్యమును. ఇతరుల అవసరమును కాదు. ఇంట మంచము పట్టిన తల్లి యుండగా గేటుకు అడ్డముగా లారీ నిలిపినవానిని ఊరకుండి సహించుట క్షమ యనిపించుకొనదు. మర్యాదగా చెప్పవలెను, వినకున్న వీధి పెద్దలతో చెప్పింపవలెను, అప్పటికిని వినకున్న పురపాలక సంఘమునకో, పోలీసులకో విన్నవింపవలెను. శ్రీకృష్ణ భగవానుడు యుద్ధమునకు ముందు రాయబారమునకు పోలేదా? అయితే గాలి తీయుట, గీతలు గీయుట, తిట్టుట - ఇవి న్యాయసాధనములు కావు. న్యాయమును కోరునప్పుడు గూడ ద్వేషము అక్కరలేదు.

మరియొక సంగతి. త్రోవ విడుచు భారము ఎల్లప్పుడును బలహీనునిపైననే పడుట అన్యాయము. అద్దె ఇంట నుండు ఆటో డ్రైవరునకు లోపల స్థలము లేదు. ఆ ఆటోయే అతని జీవనాధారము. ఎదుటి మేడ యజమానికి ప్రహరీ లోపల చోటున్నను, గేటు తెరచుట బద్ధకమై వీధిలో కారు నిలుపుట గలదు. లోపల చోటున్నవాడు లోపలనే నిలిపి, వీధిని చోటులేనివానికి విడుచుట గూడ ఒక దానమే. ధనము వ్యయము గాని దానమిది.

యాత్రికులమగు మనము ఈ విషయమున మరింత జాగరూకులమై యుండవలెను. ముక్కోటి ఏకాదశినాడు, బ్రహ్మోత్సవములనాడు కృష్ణాతీరమున మట్టపల్లికిని, కృష్ణా మూసీ సంగమమున వాడపల్లికిని లక్ష్మీనృసింహుని సేవింప కార్లలో పోవుచుందుము. తొందరలో ఎవరి గుమ్మమునకో అడ్డముగా కారు నిలిపి గుడిలోనికి పోవుదుము. లోపల స్వామికి సాష్టాంగపడుచుండగా, వెలుపల ఆ ఇంటివారు బయటికి రాలేక మనలను నిందించుచుందురు. స్తంభమునందును హరి గలడని నమ్మి ప్రహ్లాదుడు పిలిచిన స్వామి ఆ గుమ్మము వెనుకనున్న మనిషిలో లేడా? అట్టి దర్శనము సగమే సఫలము.

దైవకార్యమునకు త్రోవ విడుచుట మనకు తెలియనిది కాదు. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లిలో రెండేండ్ల కొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగునప్పుడు, జాతీయ రహదారి మీది వాహనములను కోదాడ, మిర్యాలగూడ, నల్లగొండల వైపు మళ్ళింతురు. అంతటి రహదారియే ప్రక్కకు తొలగును! తిరుమలలో స్వామి వాహనమెక్కి మాడవీధులలో వేంచేయునప్పుడు ఎవరును ‘ఈ చోటు నాది’ అనరు. మన ఊరి వీధిలో స్వామి ఊరేగింపు వచ్చినచో, చెప్పకముందే మన బండి మనమే తొలగింతుము. సర్వాంతర్యామి యగు ఆ స్వామియే ఒక జ్వరపీడితునిలో, ఒక బరువు మోయువానిలో, అలసి ఇల్లు చేరిన పొరుగువానిలో ప్రతిదినము మన వీధిన వేంచేయుచున్నాడు. ఉత్సవమూర్తికి ఇచ్చు త్రోవను అంతర్యామికి గూడ ఇత్తుము గాక! ఇరుకు వాకిట జరిగి చోటిచ్చుకొనువారి నడుమ నిలుచుటకు ఆ త్రివిక్రముడు నేటికిని సిద్ధముగనే యున్నాడు.

సర్వే జనాః సుఖినో భవంతు.